చెయ్యి విలువెంత? చాకిరీ విలువెంత?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రోడ్డు ప్రమాదంలో గృహిణి చనిపోతే ఆమె శ్రమకు ఎంత విలువ కట్టాలన్న చర్చ మన కోర్టుల్లో కొంతైనా జరిగింది. చనిపోకుండా, చెయ్యో కాలో పనిచేయని స్థితిలో బతికి బయటపడిన స్త్రీ నష్టాన్ని ఏ కొలతతో కొలుస్తున్నారు? ట్రిబ్యునల్ తీర్పు అన్యాయంగా ఉంటే ఏం చేయాలి? గెలిచిన డబ్బు చేతికి వచ్చేదాకా ఎట్లా నిలబడాలి? ఈ మూడు ప్రశ్నల గురించే ఈరోజు మాట్లాడతాను.

ముందు కొలత సంగతి. డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్‌లో 45 శాతం వికలాంగత అని ఉంటుంది. అది శరీరానికి జరిగిన నష్టం. సంపాదించే శక్తికి జరిగిన నష్టం వేరు. ఈ తేడాను సుప్రీంకోర్టు 2010 అక్టోబరులో ఇచ్చిన తీర్పులో స్పష్టం చేసింది. ఎడమ చెయ్యి పోయిన గుమాస్తా ఉద్యోగంలో కొనసాగవచ్చు, అదే చెయ్యి పోయిన డ్రైవరుకో వడ్రంగికో బతుకుతెరువే పోవచ్చు అన్నది ఆ తీర్పు సారం. ప్రమాదానికి ముందు ఆ మనిషి ఏ పని చేసేది, ఇప్పుడు ఏది చేయగలదు, ఏది చేయలేదు అని ట్రిబ్యునల్ విచారించి తీరాలి.

నా పరిశోధనలో మిరపకాయల తొడిమలు తీసే కూలి ఒకామెను కలిశాను. వయసు 38. ప్రమాదం తర్వాత కుడిచేతి వేళ్ళు ముడుచుకోవు. ట్రిబ్యునల్ ఆమె ఆదాయం నెలకు 6,000 రూపాయలుగా తీసుకుంది. ఏడాదికి 72,000. ఆ వయసుకు వాడే గుణకం 15. మొత్తం 10,80,000. అందులో 45 శాతం అని 4,86,000 రూపాయలు రాసింది. వేళ్ళు ముడవకుండా తొడిమలు తీసే పని ఎట్లా జరుగుతుందని ఒక్కరూ అడగలేదు. సంపాదన నష్టం 80 శాతమని లెక్కిస్తే అదే పద్దు కింద 8,64,000 వచ్చేది. ఒక్క ప్రశ్న అడగకపోవడం ఖరీదు 3,78,000 రూపాయలు! "నా పనేమిటో చెబుదామంటే ఎవరూ అడగలేదమ్మా" అన్నదామె.

ఇక ఇంటిచాకిరీ. ఆమె వంట, నీళ్ళు మోయడం, పిల్లల పని ఆ లెక్కలో ఎక్కడా లేవు. సంపాదన లేని భార్య ఆదాయాన్ని భర్త ఆదాయంలో మూడో వంతుగా తీసుకోవాలని 1994లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన షెడ్యూలులో రాశారు. 2010 జులైలో సుప్రీంకోర్టు ఈ దృష్టిని విమర్శించింది. గృహిణులను జనాభా లెక్కల్లో బిచ్చగాళ్ళు, ఖైదీలతో ఒకే గాటన కట్టడాన్నీ తప్పుపట్టింది. 2021 జనవరి 5న ఇచ్చిన తీర్పులో మన తెలుగువాడైన జస్టిస్ ఎన్.వి. రమణ, 2019 కాలవినియోగ సర్వేను ప్రస్తావించారు. జీతంలేని ఇంటిపనికి స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంటే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని ఆ సర్వే తేల్చింది. ఈ రెండూ మరణాల కేసులే. అయినా ఇంటిపనికి విలువ ఉందన్న సూత్రం, బతికి ఆ పని చేయలేకపోతున్న స్త్రీకి మాత్రం ఎందుకు వర్తించదు? ఈ వాదన మన లాయర్లతో చేయించాలి.

సేవ చేసే తల్లుల శ్రమ కూడా కనిపించని శ్రమే. 2007లో ప్రమాదానికి గురై పూర్తిగా మంచానికి పరిమితమైన 12 ఏళ్ళ బాలిక కేసులో ట్రిబ్యునల్ ఇచ్చింది 11 లక్షల పైచిలుకు. హైకోర్టు దాన్ని 25 లక్షలు దాటించింది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 62 లక్షలు దాటించింది. అందులో ఇద్దరు సహాయకుల ఖర్చుకే 21,60,000 లెక్కగట్టింది. అప్పీలు చేయకపోయి ఉంటే ఆ కుటుంబం 11 లక్షల దగ్గరే ఆగిపోయేది.

కాబట్టి అప్పీలు. తీర్పు వచ్చిన 90 రోజుల్లో హైకోర్టుకు వెళ్ళాలి. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే కోర్టు అనుమతించవచ్చు. 2019 సవరణ తర్వాత, వివాదంలో ఉన్న మొత్తం లక్ష రూపాయలకు తక్కువైతే అప్పీలు లేదు. లోక్ అదాలత్‌లో రాజీపడితే దానిమీద కూడా అప్పీలు ఉండదు. "ఇవాళే చెక్కు వస్తుంది, సంతకం పెట్టు" అని తొందరపెట్టినప్పుడు ఈ సంగతి ఆమెకు ఎవరు చెబుతారు? మనమే చెప్పాలి. లాయరు ఖర్చుకు భయపడనక్కరలేదు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. వచ్చినదాంట్లో ఇంత శాతం అని లాయరు ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం.

అన్నిటికన్నా కష్టం, ఎదురుచూపు. తీర్పు తర్వాత 30 రోజుల్లో డబ్బు జమ చేయాలని చట్టం. ఇన్సూరెన్సు కంపెనీ అప్పీలుకు వెళితే, 25,000 లేదా తీర్పు మొత్తంలో సగం, ఏది తక్కువైతే అది కడితే చాలు. ఈలోగా వడ్డీవ్యాపారి ఆగడు, ఫిజియోథెరపీ ఆగిపోతుంది, ఆడపిల్ల బడి మానేస్తుంది. కోర్టులో జమైన సొమ్ములోంచి కొంత తీసుకునేందుకు అనుమతి కోరవచ్చు. పరిహారం పెంచమని మనం అప్పీలు చేసినంత మాత్రాన ఇప్పటికే ఇచ్చింది తీసుకునే హక్కు పోదు. అప్పీలులో స్టే లేకుండానే డబ్బు కట్టకపోతే, భూమిశిస్తు బకాయి మాదిరిగా కలెక్టరు ద్వారా వసూలు చేయించేందుకు 174వ సెక్షన్ ఉంది.

డబ్బు జమ అయినా అది బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉండిపోవచ్చు. చదువురాని వారిని ఎవరూ మోసం చేయకుండా 1993లో సుప్రీంకోర్టు పెట్టిన రక్షణ అది. అవసరమైనచోట మంచిదే. కానీ అందరికీ యాంత్రికంగా వర్తింపజేయడం తగదని అదే కోర్టు 2012లో చెప్పింది. రక్షణ పేరుతో స్త్రీని మైనరుగా చూడటం పితృస్వామ్యానికి పాత అలవాటు. ఖాతా ఆమె పేరునే ఉందా, పాసుపుస్తకం ఆమె దగ్గరే ఉందా అని చూడటం మన పని.

మీ సంఘాల్లో రేపటినుంచే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. క్లెయిము వేసేటప్పుడే ఆమె ఉదయం లేచింది మొదలు చేసే కూలిపని, ఇంటిపని అంతా రాయించండి. తోటి కూలీలతో సాక్ష్యం చెప్పించండి. వైద్యం చేసిన డాక్టరును కోర్టుకు పిలిపించండి. తీర్పు నకలు అందగానే 90 రోజుల గడువు తేదీని సంఘం పుస్తకంలో రాసిపెట్టండి. డబ్బు వచ్చేదాకా ఆమె గడప తొక్కడం మానకండి. విసిగిపోయి రాజీపడిన స్త్రీని "చదువులేక మోసపోయింది" అంటారు. నేను మాట్లాడిన స్త్రీలకు తమ నష్టం పైసలతో సహా తెలుసు. వాళ్ళకు లేనిది ఎదురుచూడగలిగే స్థోమత. దాన్ని సంఘంగా మనం ఇవ్వగలం.