అమెరికా అధ్యక్షుడి సంతకం ఎంతవరకు చెల్లుతుంది?

(స్త్రీల సంఘాల కార్యకర్తల అధ్యయన తరగతిలో ఇచ్చిన ఉపన్యాస పాఠం)



అమెరికా అధ్యక్షుడి అధికారాలతో మనకేం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. పింఛన్లు, రేషన్ కార్డులు, కట్నం కేసులు, కోర్టు వాయిదాలు - వీటితోనే మనకు పొద్దు గడిచిపోతుంది. అయితే ఎక్కడో వాషింగ్టన్‌లో తీసుకున్న ఒక నిర్ణయం, మనలాంటి దేశాల్లో ఆరోగ్య కార్యకర్త ఏం మాట్లాడాలో ఏం మాట్లాడకూడదో శాసించిన సందర్భం ఉంది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

1984లో రీగన్ ప్రభుత్వం ఒక షరతు పెట్టింది. అమెరికా కుటుంబ నియంత్రణ నిధులు తీసుకునే ఏ విదేశీ స్వచ్ఛంద సంస్థ అయినా, ఇతర చోట్ల నుంచి తెచ్చుకున్న డబ్బుతో కూడా, కుటుంబ నియంత్రణ పద్ధతిగా గర్భస్రావం చేయకూడదు, దాన్ని ప్రోత్సహించకూడదు. మన దేశంలో 1971 నుంచి గర్భస్రావం కొన్ని షరతులకు లోబడి చట్టసమ్మతం. అంటే మన చట్టం ఒప్పుకున్న దాన్ని కూడా మన సంస్థ చెప్పడానికి జంకాలి! దీన్నే మెక్సికో సిటీ విధానం అంటారు. 1993లో క్లింటన్ దాన్ని రద్దు చేశాడు. 2001లో బుష్ తిరిగి తెచ్చాడు. 2009లో ఒబామా తీసేశాడు. 2017లో ట్రంప్ తిరిగి తేవడమే కాక, ఇతర ఆరోగ్య నిధులకు కూడా విస్తరింపజేశాడు. 2021లో బైడెన్ రద్దు చేస్తే, 2025 జనవరిలో ట్రంప్ మళ్లీ పెట్టాడు. ఈ మార్పులన్నీ అధ్యక్షుడి సంతకంతోనే జరిగాయి. వీటిలో దేనికీ కొత్త చట్టం అవసరం కాలేదు.

మన రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకు నడుచుకోవాలి. అమెరికాలో అలా కాదు. అక్కడి రాజ్యాంగం రెండవ అధికరణం ప్రకారం కార్యనిర్వాహక అధికారమంతా అధ్యక్షుడిదే. సైన్యానికి అధిపతి ఆయనే. క్షమాభిక్ష పెట్టగలడు. సెనేట్ ఆమోదంతో న్యాయమూర్తులను నియమిస్తాడు. సభలో మెజారిటీ లేకపోయినా నాలుగేళ్లూ పదవిలో ఉంటాడు. అభిశంసనతో తొలగించాలంటే సెనేట్‌లో మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. 1868 నుంచి 2021 వరకు ముగ్గురు అధ్యక్షులను నాలుగుసార్లు అభిశంసించారు గాని, ఒక్కరినీ సెనేట్ దోషిగా తేల్చలేదు.

అయినా ఆయన రాజు కాడు. చట్టం చేసేది కాంగ్రెస్, ఖజానా తాళం కూడా దాని చేతిలోనే. 1952లో కొరియా యుద్ధ కాలంలో, సమ్మె వల్ల ఉత్పత్తి ఆగుతుందని ట్రూమన్ ఉక్కు మిల్లులను స్వాధీనం చేసుకుంటే, చట్టం లేకుండా ఆ పని చెల్లదని సుప్రీంకోర్టు 6-3 తేడాతో చెప్పింది. మిల్లులు వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది.

ఇక చట్టాన్ని అడ్డుకునే అధికారం, అంటే వీటో. దేశమంతటా శిశు సంరక్షణ కేంద్రాలకు నిధులిచ్చే బిల్లును కాంగ్రెస్ ఆమోదిస్తే, 1971లో నిక్సన్ వీటో చేశాడు. దాన్ని తోసిపుచ్చడానికి కావలసిన మూడింట రెండు వంతుల ఓట్లు సెనేట్‌లో రాలేదు. కాన్పుకి, ఇంట్లో జబ్బుపడిన వాళ్లను చూసుకోవడానికి సెలవు ఇచ్చే బిల్లును సీనియర్ బుష్ 1990లో, 1992లో రెండుసార్లు ఆపాడు. 1993లో క్లింటన్ సంతకంతో అది చట్టమైంది. దక్కింది 12 వారాలు, అదీ జీతం లేని సెలవే. కానీ చట్టం కనుక, తర్వాత వచ్చిన అధ్యక్షుడెవరూ ఒక్క సంతకంతో దాన్ని తీసేయలేకపోయారు.

మన తెలుగు ఇళ్లకు నేరుగా తగిలే ఉదాహరణ ఇంకొకటి. భర్త హెచ్-1బి వీసా మీద ఉద్యోగానికి వెళితే, హెచ్-4 వీసా మీద వెంట వెళ్లే భార్య ఎంత చదువుకున్నా ఉద్యోగం చేయడానికి వీలుండేది కాదు. 2015లో ఒబామా ప్రభుత్వం, భర్త గ్రీన్ కార్డు ప్రక్రియ ఒక దశ దాటితే భార్య పని చేయవచ్చని నిబంధన చేసింది. అది కాంగ్రెస్ చేసిన చట్టం కాదు. అందుకే ట్రంప్ మొదటి హయాంలో ఎత్తేస్తామని ప్రకటించగానే ఎందరో స్త్రీలు దినదిన గండంగా గడిపారు. అయితే నిబంధనను ఒక్క సంతకంతో తీసేయడం కుదరదు. ముసాయిదా ప్రచురించి, ప్రజాభిప్రాయం తీసుకోవాలి. అది జరగకముందే ప్రభుత్వం మారింది. 2021లో ఆ ప్రతిపాదనను విరమించుకున్నారు. సంతకానికి, నిబంధనకు, చట్టానికి ఉన్న తేడా ఆ స్త్రీల జీతం రోజు దాకా వచ్చిందన్నమాట.

రాజ్యాంగ సవరణ ఇంకా పై మెట్టు. అందులో అధ్యక్షుడికి ఏ పాత్రా లేదు. అధ్యక్ష భవనం ముందు ప్లకార్డులు పట్టుకుని నిలబడి జైళ్లకు వెళ్లిన స్త్రీల ఒత్తిడి వెనక ఉండగా, 1918లో విల్సన్ స్వయంగా సెనేట్‌కు వెళ్లి స్త్రీల ఓటు హక్కు కోసం అడిగాడు. మర్నాడే అది రెండు ఓట్ల తేడాతో వీగిపోయింది. 1920లో 36వ రాష్ట్రంగా టెనెసీ ఆమోదించాక గాని ఆ హక్కు రాజ్యాంగానికి ఎక్కలేదు. దక్షిణాది నల్లజాతి స్త్రీలలో చాలామంది 1965 చట్టం దాకా ఎదురుచూశారు. 1972లో కాంగ్రెస్ ఆమోదించిన సమాన హక్కుల సవరణ విషయమూ అంతే. గడువు 1982లో ముగిసేనాటికి 35 రాష్ట్రాలే ఒప్పుకున్నాయి, కావలసినవి 38. మిగిలిన మూడూ గడువు దాటాక ఆమోదించాయి. 2025 జనవరిలో బైడెన్, ఆ సవరణ రాజ్యాంగంలో భాగమేనని నమ్ముతున్నానని ప్రకటించాడు. ఆ ప్రకటనతో రాజ్యాంగంలో ఒక్క అక్షరం మారలేదు.

హద్దులున్నాయి కదా అని నిశ్చింతగా ఉండగలమా? ఉండలేం. కాంగ్రెస్ మంజూరు చేసిన డబ్బును నిక్సన్ ఆపినందుకు, 1974లో చట్టం చేసి ఆ అధికారానికి కళ్లెం వేశారు. ఆ చట్టం ఉండగానే 2025 జనవరి 20న ట్రంప్ విదేశీ సహాయాన్ని 90 రోజులు నిలిపేశాడు. జూలై 1 నాటికి యుఎస్ఎయిడ్ సంస్థే మూతపడింది. కోర్టుల్లో వాదనలు సాగుతుండగానే ఎన్నో దేశాల్లో క్లినిక్కులు మూతపడ్డాయి, కార్యకర్తల ఉద్యోగాలు పోయాయి. హద్దు రాసి ఉండడం వేరు, వేళకు అక్కరకు రావడం వేరు. అధ్యక్షుడు వేసిన న్యాయమూర్తులు ఆయన దిగిపోయాక కూడా జీవితాంతం కూర్చుంటారు. 1973 నాటి గర్భస్రావ హక్కు తీర్పును 2022లో కొట్టేసిన అయిదుగురిలో ముగ్గురు ట్రంప్ మొదటి హయాంలో నియమితులైన వాళ్లే.

కనుక మిత్రులారా, అక్కడి నుంచి ఏ వార్త వచ్చినా, అది మేలైనా కీడైనా, ముందు ఒకటి అడగండి: ఇది సంతకమా, నిబంధనా, చట్టమా, రాజ్యాంగమా? సంతకంతో వచ్చిన నిధి సంతకంతోనే పోతుంది. అటువంటి నిధి మీద సంస్థ బరువంతా మోపకండి. నిధుల ఒప్పందంలో ప్రతి షరతూ చదివి, నోరు కట్టేసే షరతు ఉంటే సంఘ సభ్యులందరి ముందు పెట్టి నిర్ణయించుకోండి. మన దగ్గర కూడా జీ.వో.తో వచ్చిన దానికి, చట్టంతో వచ్చిన దానికి ఇదే తేడా అని మీకు అనుభవమే. జీ.వో. దొరికినప్పుడు సంతోషిద్దాం, చట్టం కోసం మాత్రం పని ఆపవద్దు.

ఇక మీ ప్రశ్నలు వింటాను.