దాంపత్యధర్మమును రాజదండమును

ఎవరి స్మృత్యర్థమై మనమిచట సమావేశమైతిమో ఆ పెద్దలు జీవితమంతయు జిల్లాకోర్టులో వకీలుగా నుండి, కాపురపు వ్యాజ్యము తమ కడకు వచ్చినపుడెల్ల, కాగితములు విప్పుటకు ముందు ఆ యిల్లాలి నోటిమాట వినవలెనని పట్టుపట్టెడివారని ఎరిగినవారు చెప్పుదురు. కావున స్త్రీపురుషసంబంధమున నీతి యేదియను ప్రశ్నకు మతము చెప్పు సమాధానమును, లౌకికశాసనము చెప్పు సమాధానమును, చట్టములోని ఒక చిన్న సెక్షను నాధారము చేసికొని విచారింప నెంచితిని. ఆ సెక్షను 1955నాటి హిందూ వివాహచట్టములోని తొమ్మిదవది. తగిన కారణము లేక భార్యగాని భర్తగాని సహజీవనమును విడనాడినచో, మరల కాపురమునకు రమ్మని న్యాయస్థానము ఆజ్ఞాపింపవచ్చునని దాని సారము. దీనినే దాంపత్యహక్కుల పునరుద్ధరణ మందురు.

మతము బంధించును, లౌకికశాసనము విడిపించునని ఒకరును, మతము నిలువబెట్టును, లౌకికశాసనము చెడగొట్టునని మరియొకరును వాదించుట మనలో పరిపాటి. ఈ సెక్షను చరిత్ర ఆ రెండు వాదములను నిలువనీయదు.

ఇది మన స్మృతులనుండి పుట్టినది కాదు. ఇంగ్లండులో 1857 వరకు వివాహవ్యవహారములు చర్చి కోర్టుల యధీనమున నుండెను. భార్య దేహముపై భర్తకును, భర్త దేహముపై భార్యకును అధికారము గలదని సెయింట్ పాల్ కొరింథీయులకు వ్రాసిన లేఖలో బోధించియుండెను. ఇరువురికిని సమముగ వర్తించిన ఆ బోధ ఆ కాలమునకు సామాన్యమైనది కాదు. వధూవరుల సమ్మతియే వివాహమునకు ప్రాణమని, పెద్దల యిష్టము దానికి బదులు కాజాలదని పండ్రెండవ శతాబ్దిలో మూడవ అలెగ్జాండరు పోపు కాలమున స్థిరపరచినదియు ఆ చర్చియే. ఇంత చెప్పిన మతసంస్థ, అంతరాత్మ నుద్దేశించిన బోధను వ్యాజ్యమునకు హేతువుగ మార్చి, ఇల్లు విడిచి తిరిగి రానివారిని మతబహిష్కారముచే దండించుట మొదలిడెను. 1813లో బహిష్కారమునకు మారుగ కారాగారము వచ్చెను. 1857లో ఆ యధికారము లౌకికన్యాయస్థానమునకు సంక్రమించెను. అధికారము చేతులు మారెనేగాని, వివాహవేదికపై ఒకమారు పలికిన సమ్మతి జీవితాంతము చెల్లునను భావము మాత్రము మారలేదు. సర్ మాథ్యూ హేల్ అను న్యాయాధీశుని గ్రంథము ఆయన మరణానంతరము 1736లో అచ్చుపడినది. అందులో, భార్య వివాహకాలమున తన్ను తానర్పించుకొన్నది గనుక దానిని మరలించుకొనజాలదనియు, భర్త యామెపై బలాత్కారము చేసిన అపరాధి కాజాలడనియు గలదు. ఆ మాటకు ఇంగ్లండులోని అత్యున్నత న్యాయస్థానము చరమగీతము పాడినది 1991లో. అది వేదవాక్యము కాదు, బైబిలు వాక్యము కాదు, ఒక న్యాయపండితుని అభిప్రాయము. లౌకికన్యాయము దానిని రెండున్నర శతాబ్దములు శిరసావహించెను.

ఇట్టి వ్యాజ్యము ఆంగ్లేయుల న్యాయస్థానములతో పాటు సముద్రము దాటి మన దేశమునకు వచ్చెను. 1867లో ప్రీవీ కౌన్సిల్ ఒక ముస్లిం దంపతుల వివాదమున దానిని అంగీకరించెను. దాని యసలు స్వరూపమును దేశము కన్నులార చూచినది మాత్రము రఖ్మాబాయి వ్యవహారమునందు. 1864లో బొంబాయిలో జన్మించిన ఆమెకు పదకొండవ యేట దాదాజీ భికాజీతో వివాహము చేసిరి. ఆమె అత్తవారింటికి పోక, మారుతండ్రియైన డాక్టరు సఖారాం అర్జున్ ఇంట పెరిగి, చదువుకొని, యుక్తవయస్సు వచ్చిన పిమ్మట ఆతనితో కాపురము చేయనని చెప్పెను. 1884లో ఆతడు వ్యాజ్యము వేసెను. నిస్సహాయమైన పసితనమున పెండ్లియాడిన యువతిని ఆమె యిష్టమునకు విరుద్ధముగ ఒక పురుషుని కడకు పంపుట అనాగరికమనియు, ఇట్టి పరిహారము హిందూధర్మశాస్త్రమున లేదనియు న్యాయమూర్తి పిన్హీ 1885లో దావా కొట్టివేసెను. అప్పీలులో ఆ తీర్పు నిలువలేదు. 1887లో న్యాయమూర్తి ఫారన్, భర్త యింటికి పోవుటయో ఆరునెలలు జైలుకు పోవుటయో తేల్చుకొనుమనెను. జైలుకే పోవుదునని ఆమె బదులు చెప్పెను. ఇట్టి శిక్షను ఇంగ్లండు మూడేండ్ల క్రిందటనే, 1884లో, తన స్త్రీలకు తొలగించుకొనియుండగా, అదే ప్రభుత్వపు న్యాయస్థానము మన స్త్రీకి దానిని చూపి బెదరించుట ఎంత యన్యాయమో ఆలోచింపుడు. 1888లో రెండువేల రూపాయల రాజీతో ఆ వ్యవహారము ముగిసెను. రఖ్మాబాయి లండనుకు పోయి వైద్యవిద్య పూర్తిచేసి, సూరత్, రాజకోటలలో దశాబ్దముల తరబడి స్త్రీలకు చికిత్స చేసి, 1955లో కన్నుమూసెను. ఆమె కన్నుమూసిన సంవత్సరముననే తొమ్మిదవ సెక్షను పుట్టినది.

అదే కాలమున మన విశాఖపట్టణమండలమున జరిగినదానిని గురజాడ అప్పారావుగారు 1897నాటి కన్యాశుల్కము పీఠికలో నమోదు చేసియున్నారు. విజయనగర మహారాజులు చేయించిన లెక్కలో, మూడేండ్లలో జరిగిన కన్యాశుల్కవివాహములు 1,034 తేలెను. వానిలో అయిదేండ్ల బాలికలు 99 మంది, ఏడాది పసికందులు ముగ్గురు. ఈ మువ్వురును ఏ సమ్మతి నిచ్చిరని ఏ న్యాయస్థానము చెప్పగలదు? అట్టి వివాహము నాధారము చేసికొని, పెరిగి పెద్దదైన స్త్రీపై ఏ హక్కు పుట్టగలదు?

రఖ్మాబాయిని నిందించినవారు ధర్మము పేరనే నిందించిరి. తిలక్ మహాశయుని పత్రికలును ఆ పక్షముననే నిలిచెను. ఆ ధర్మమేమి చెప్పినదో చూతము. ఇల్లు విడిచిన భార్యకు దండన మన గ్రంథములందు లేనేలేదని నేననను; కౌటిల్యుడు అట్టివారికి జరిమానాలు విధించియున్నాడు. కాని నిద్రించుచున్న, మత్తిల్లిన, మతిచెడిన కన్యను రహస్యముగ గ్రహించుటను పైశాచమని పేరుపెట్టి, ఎనిమిది వివాహములలో అధమాధమమని మనువే గర్హించెను. తండ్రి తగిన వరుని తేలేకున్నచో, రజస్వలయైన కన్య మూడేండ్లు వేచి తన వరుని తానే యెన్నుకొనవచ్చునని చెప్పినదియు ఆ స్మృతియే. వాత్స్యాయనుడు కామసూత్రములందు క్రొత్త దంపతులకు తొలి మూడురాత్రులు బ్రహ్మచర్యము విధించి, వధువు విశ్వాసమును మెల్లమెల్లగ పొందవలెనని, ఆమె మనసెరుగక బలాత్కరించినవానిని ఆమె ద్వేషించునని ఒక యధ్యాయమంతయు వ్రాసెను. ఇస్లాం నికాహు నందు వధువు అంగీకారమునకు స్థానమిచ్చినది. బాల్యమున పెద్దలు చేసిన వివాహమును యుక్తవయస్సున నిరాకరించు అవకాశమును ఆ ధర్మశాస్త్రము ఎరుగును. ఇక మన తెలుగిండ్ల పెండ్లిపీటలమీద, ధర్మార్థకామములయందు ఈమెను అతిక్రమింపనని ప్రతిజ్ఞ చేయువాడు వరుడు. ఆ ప్రతిజ్ఞ తన్ను తాను కట్టుకొనుటకే గాని, ఎదుటివారిని కట్టివేయుటకు కాదు. అగ్నిసాక్షిగ పలికిన ఆ మాటను నెరవేర్చుటకు కోర్టు అమీనాను పంపుట ఏ ఋషియు తలచినది కాదు.

1983లో మన ఆంధ్రప్రదేశ్ ఉన్నతన్యాయస్థానమున న్యాయమూర్తి పి. ఏ. చౌదరిగారు, బాల్యదశ దాటీదాటకమునుపే వివాహమైన ఒక చలనచిత్రనటి వ్యవహారమున, తొమ్మిదవ సెక్షను రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పిరి. తన దేహమును ఎవరితో, ఎప్పుడు పంచుకొనవలెనో, సంతానమును కనవలెనో వద్దో నిర్ణయించు స్వాతంత్ర్యమును ఈ డిక్రీ స్త్రీనుండి తీసికొని ప్రభుత్వము చేతికిచ్చుచున్నదనియు, ఇది 21వ అధికరణము ప్రసాదించిన ఆంతరంగికజీవనహక్కునకును మానవగౌరవమునకును భంగకరమనియు ఆయన నిర్ణయము. పైకి స్త్రీపురుషుల కిరువురికి సమమైనను, గర్భభారము మోయునది స్త్రీయే గనుక ఆచరణమున అది సమము కాదని కూడ ఆయన చూపించిరి. తెలుగునేలపై వెలువడిన తీర్పులలో ఇంత దూరదృష్టి గలది మరియొకటి నాకు స్ఫురింపదు. ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము అదే సంవత్సరము విరుద్ధముగ తీర్పిచ్చెను; 1984లో సరోజరాణి వ్యవహారమున సర్వోన్నతన్యాయస్థానము ఢిల్లీ మార్గమునే ఆమోదించి, ఈ హక్కు వివాహవ్యవస్థయందే అంతర్గతమైనదనియు, సంసారములు విచ్ఛిన్నము కాకుండ కాపాడుటయే దీని ప్రయోజనమనియు చెప్పెను. ఆంగ్లేయుల చర్చి కోర్టునుండి వచ్చి, ఆంగ్లేయులే 1970లో వదలుకొన్న వ్యాజ్యము ఈ విధముగ మన వివాహవ్యవస్థకు ప్రాణముగ స్థిరపడినది. 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆంతరంగికజీవనము మౌలికహక్కని ప్రకటించిన తరువాత, చౌదరిగారి తర్కము మరల చర్చకు వచ్చినది.

ఒక యాక్షేపణము గలదు, దానిని తేలికగ తీసిపుచ్చరాదు. పుట్టింట దిగవిడువబడి, భర్త యేలుకొనక, ఇరుగుపొరుగుల ప్రశ్నలకు తలవంచుకొని బ్రతుకు ఆడుకూతుళ్లు మన యూళ్లలో నెందరో గలరు. వారిలో కొందరు ఈ సెక్షనునే ఆశ్రయించి కోర్టుకు వచ్చెదరు. వారికి కావలసినది మనసులేని మగని సాంగత్యము కాదు. కూడు, గుడ్డ, బిడ్డలకు దిక్కు, నలుగురిలో తమ తప్పు లేదను నిర్ధారణ. మరియొకవైపున, మనోవర్తి కోరిన భార్యకు ఎదురుగ, రమ్మనుచున్నాను రాకున్నదని చూపుటకు భర్తలు ఇదే పిటిషను వేయుట న్యాయవాదులందరికి తెలిసినదే. పైగా డిక్రీ వచ్చి ఏడాది కలిసియుండకున్నచో అదే విడాకులకు హేతువగును. కలుపుటకని పుట్టిన సెక్షను విడదీయుటకు మెట్టుగ మారినది. 1923నుండి దీనికి జైలుశిక్ష లేదు గాని, ఆస్తిజప్తు నేటికిని కలదు.

ఇంత చెప్పినంతమాత్రమున సమ్మతి యొక్కటియున్న చాలును, నీతి పూర్తియైనదను లౌకికవాదులతో నేను ఏకీభవింపజాలను. అమెరికా సంబంధమని వైభవముగ పెండ్లి చేసికొని, నెలదినములు కాపురము చేసి, వీసా పంపెదనని విమానమెక్కి, మరల పలుకని అల్లుళ్లను గూర్చి మనము వినుచునే యున్నాము. ఆ నెలదినములలో ఆ యువతి అన్నింటికిని సమ్మతించినది, బలాత్కారము లేదు. అయినను ఆమెకు జరిగినది మహాపాతకము. ఇచట ఇచ్చినమాట, నమ్మిక, ఒకరి జీవితమును మన చేతులలోనికి తీసికొనుటవలన కలుగు ఋణము అను విషయములు ముందుకు వచ్చును. వీనిని గూర్చి మతములు వేల యేండ్లుగ ఆలోచించినవి, దేవుని నమ్మనివారును వీనిని విడిచి కాపురము చేయలేరు. సమ్మతి లేని సంగమము ఎట్టి మంత్రముచేతను పవిత్రము కాదు. సమ్మతితోనే జరిగిన సంగమమునందును వంచన యుండవచ్చును. మొదటిదానిని ఆపుట రాజ్యము కర్తవ్యము. రెండవదానిలో ధనమునకు, పోషణకు సంబంధించినంతవరకు రాజ్యము చేయగలదు. తక్కినది పెంపకము, గురువులు, దైవభీతి, లోకభీతి, స్నేహితుల నిష్కర్షయైన మాట చేయవలసిన పని. నేటి మతపెద్దలు పరస్త్రీవ్యసనమును గూర్చి, పిల్లల ప్రేమవివాహములను గూర్చి గంటలకొలది ఉపన్యసించెదరు గాని, పడకటింట భార్య యిష్టమును గూర్చి ఒక్క మాటయు చెప్పరు. ఈ మౌనము వారి శాస్త్రములకే అపచారము.

నా మనవి యిది. తొమ్మిదవ సెక్షనును తొలగింపవలెను. 2018లో భారత న్యాయసంఘము (లా కమిషన్) తన సంప్రదింపుపత్రమున ఇట్టి సూచననే సమర్థించినది. తొలగించిన నాడే, దిగవిడువబడిన యిల్లాలికి మనోవర్తి, నివాసము, బిడ్డల పోషణ ఏ కాపురపు డిక్రీతోను ముడిపడక, ఆలస్యము లేక లభించునట్లు, విదేశములందున్న భర్తలనుండి సైతము రాబట్టునట్లు శాసనము బిగింపవలెను. కలుపవలసిన సంసారములను కలుపుటకు పెద్దలు, పురోహితులు, పాదరీలు, ఖాజీలు, కుటుంబన్యాయస్థానముల సలహాదారులు ప్రయత్నింతురుగాక. వారి చేత జప్తు వారంటు ఉండరాదు, వారు తొలుత వినవలసినది రానన్న మనిషి ఏల రాననుచున్నదో ఆ కారణము.