గొయ్యి తవ్వినవాడే మూత వేయాలి

(బాగేపల్లిలో జరిగిన యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

చింతామణి నుంచి, చిక్కబళ్లాపురం నుంచి బస్సులు మారి వచ్చిన యవ్వనస్థులకు, సంఘ పెద్దలకు, పని మానుకుని వచ్చిన తల్లులకు ప్రత్యేకంగా వందనాలు. ఒక పూట పని మానితే ఒక పూట కూలి పోతుందని మాకు తెలుసు. అందుకే సూటిగా విషయానికి వస్తాం. ఈ రోజు మనం పనికి వెళ్లి ఇంటికి తిరిగి రానివాళ్ల గురించి మాట్లాడుకుందాం.

బాగేపల్లి నుంచి చిక్కబళ్లాపురం వెళ్లే పెద్ద రోడ్డు మీద పేరేసంద్ర మీ అందరికీ తెలిసిందే. దానికి దగ్గర్లోనే హిరేనాగవల్లి ఉంది. 2021 ఫిబ్రవరి 22 రాత్రి, తెల్లవారితే 23 అనగా, అక్కడి రాతి క్వారీకి చెందిన జిలెటిన్ కడ్డీలు పేలి ఆరుగురు చనిపోయారు. అంతకు కొన్ని రోజుల ముందు పోలీసులు ఆ క్వారీ మీద దాడి చేశారు. దాచి ఉంచిన కడ్డీలను వదిలించుకోవడానికి రాత్రివేళ తీసుకెళ్లినప్పుడు అవి పేలాయని అప్పుడు పత్రికలు రాశాయి. చనిపోయినవాళ్లలో పొట్టకూటి కోసం నేపాల్ నుంచి వచ్చినవాడూ ఉన్నాడు. ఆ పని పగలు, తెలిసినవాళ్ల చేత, చట్టం చెప్పిన పద్ధతిలో జరగాల్సింది. రాత్రి చీకట్లో కూలి మనుషుల చేత చేయించారు.

దానికి నెల ముందే శివమొగ్గ దగ్గర క్వారీకి చేరిన పేలుడు పదార్థాల లారీ పేలింది. అదే ఏడు మే 8న కడప జిల్లా మామిళ్లపల్లెలో సున్నపురాయి గని దగ్గర కడ్డీలు దించుతుండగా పేలి దాదాపు పది మంది పోయారు. నాలుగు నెలలు తిరగకుండానే మూడు చోట్ల ఒకే రకం చావు.

మరి అలాంటప్పుడు సంఘంగా మనం ఏం చేస్తాం? మా సంగతే చెబుతాం. కొన్నేళ్ల క్రితం క్వారీలో బండ మీద పడి చనిపోయిన ఒక సహోదరుని సమాధి కార్యక్రమానికి మేము వెళ్లాం. పాటలు పాడాం, వాక్యం చెప్పాం, ప్రభువు పిలుచుకున్నాడని ఆదరించాం. యజమాని తరఫున ఒక మనిషి కవర్లో కొంత డబ్బు తెచ్చి భార్య చేతిలో పెట్టాడు, ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. ఆ కాగితంలో ఏముందో మాలో ఒక్కరమూ చదవలేదు. చదువుకున్నవాళ్లం అక్కడ ఐదారుగురం ఉన్నాం. భోజనం చేసి వచ్చేశాం. ఆ కాగితం సంగతి ఇప్పటికీ మా మనసులో ముల్లులా ఉంది.

ఇది మన కాలంలో మొదలైన కథ కాదు. ఈ రోజు మనది చిక్కబళ్లాపుర జిల్లా. 2007 వరకు ఇదంతా కోలార్ జిల్లానే. ఆ కోలార్ పేరు ప్రపంచానికి తెలిసింది బంగారంతో. 1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ అనే కంపెనీ అక్కడ గనులు చేపట్టింది. ఇంగ్లండులో విక్టోరియా రాణి ఏలుతున్న కాలం అది. పైన తెల్ల దొరలు, లోపల మన మనుషులు. ఎక్కువమంది తమిళ ప్రాంతాల నుంచి, మిగిలినవాళ్లలో చాలామంది తెలుగు పల్లెల నుంచి వచ్చారు. వారిలో పెద్ద భాగం ఊరి చివర వాడల్లో పుట్టినవాళ్లే. కరువు తరిమితే, కులం తరిమితే గనిలోకి దిగారు.

1897లో రాణి పట్టం కట్టుకుని అరవై ఏళ్లు నిండాయని సామ్రాజ్యమంతా వేడుకలు చేసుకుంది. అదే సంవత్సరం కోలార్ బంగారు గనుల్లో ఘోర ప్రమాదం జరిగి 52 మంది చనిపోయారు. రెండేళ్లకు, 1899లో, బెలూచిస్తాన్‌లోని ఖోస్త్ బొగ్గు గనిలో 47 మంది పోయారు. గనులకు తనిఖీ ఉండాలన్న ఆలోచన 1894 నుంచే ప్రభుత్వం దగ్గర నలుగుతూ ఉంది. ఈ రెండు ప్రమాదాల తర్వాత అది కదిలింది. 1901లో బ్రిటిష్ ఇండియాకు మొదటి గనుల చట్టం వచ్చింది. 1902లో గనుల తనిఖీ శాఖ కలకత్తాలో మొదలైంది. ఇప్పుడు దాని పెద్ద కార్యాలయం ధన్‌బాద్‌లో ఉంది. అంటే ఈ దేశంలో గని కార్మికుడికి దొరికిన మొదటి రక్షణ వెనుక మన పాత జిల్లా మట్టిలో కలిసిపోయిన 52 మంది ఉన్నారు. వాళ్ల పేర్లు మనలో ఎవరికీ రావు. మన బడి పుస్తకాల్లో మేము వాటిని చదువుకోలేదు.

ఆ దొరల దేశంలోనైనా కార్మికుడు సుఖంగా ఉన్నాడా? లేడు. 1838 జూన్‌లో విక్టోరియా రాణికి పట్టాభిషేకం జరిగింది. వారం తిరగకముందే, జూలై 4న, యార్క్‌షైర్‌లోని హస్కర్ బొగ్గు గనిలోకి వాననీరు ముంచుకొచ్చి 26 మంది పిల్లలు మునిగిపోయారు. అందరికంటే చిన్నవాళ్లకు ఏడేళ్లు. ఆ తర్వాత ఒక విచారణ సంఘం వేశారు. ఆ సంఘం మనుషులు గనుల దగ్గరికి వెళ్లారు, పిల్లలతో మాట్లాడారు, వాళ్లు చెప్పింది రాసుకున్నారు, బండ్లు లాగే పిల్లల బొమ్మలు గీయించి అచ్చు వేశారు. పార్లమెంటులో ఆ పని భుజాన వేసుకున్నవాడు ఆష్లీ ప్రభువు. తర్వాత షాఫ్ట్స్‌బరీ ప్రభువు అని పిలిచింది ఆయననే. ఆయన భక్తిగల క్రైస్తవుడు. 1842లో చట్టం వచ్చింది. ఆడవాళ్లు, పదేళ్ల లోపు మగపిల్లలు గని లోపల పనిచేయకూడదని ఆ చట్టం చెప్పింది. 1862లో హార్ట్‌లీ గనిలో నీళ్లు తోడే యంత్రం దూలం విరిగి, ఉన్న ఒక్క బావి దారి మూసుకుపోయి, 204 మంది లోపలే చనిపోయారు. అప్పుడు ప్రతి బొగ్గు గనికీ రెండు దారులు ఉండాలని శాసనం చేశారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. 26 మంది ఒకేసారి పోతే చట్టం వచ్చింది. 204 మంది పోతే చట్టం వచ్చింది. 52 మంది పోతే చట్టం వచ్చింది. కానీ గనుల్లో చావులన్నీ ఇలా గుంపుగా రావు. అదే కాలంలో కంబర్లాండ్‌లో, క్లీవ్‌లాండ్‌లో ఇనుప ఖనిజం తవ్వే కార్మికులు ఉండేవారు. పైనుంచి రాయి ఊడిపడి ఒకడు, తూటా ముందే పేలి ఒకడు, బండి కింద నలిగి ఒకడు, ఇలా ఒక్కొక్కరుగా రాలిపోయేవారు. దానికి రాజధాని పత్రికల్లో పెద్ద అక్షరాలు ఉండవు, రాణిగారి సంతాపం ఉండదు. 1872లో బొగ్గు గనులకు ఒకటి, లోహపు గనులకు ఒకటి చట్టాలు చేశాక గానీ ఆ చావులు గట్టిగా లెక్కలోకి రాలేదు. మన క్వారీల చావులు కూడా ఆ రకానివే. హిరేనాగవల్లి పేరు ఆరుగురు పోయారు కాబట్టి దేశమంతా విన్నది. ఒక్కడు పోయిన క్వారీ పేరు పక్క ఊరికి కూడా తెలియదు.

అంతకంటే నెమ్మదిగా వచ్చే చావు ఇంకొకటి ఉంది. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని వచ్చే సిలికోసిస్. 1940లలో కోలార్ గని కార్మికుల్లో ఈ జబ్బును డాక్టర్లు పరీక్షించి రాశారు. 2001లో ఆ గనులు మూతపడ్డాయి గానీ దగ్గు మూతపడలేదు. ఈ రోజు కంకర క్రషర్ల దగ్గర ముఖానికి తువ్వాలు చుట్టుకుని పనిచేసే మన పిల్లలు పీల్చేది అలాంటి దుమ్మే. దగ్గుతో ఆసుపత్రికి వెళ్తే టీబీ అని మందులు రాస్తారు. ఏం పని చేస్తావని అడిగే డాక్టరు దొరకడం అదృష్టం.

ఇప్పుడు వాక్యం దగ్గరికి వద్దాం. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయిన సంగతి లూకా సువార్త 13వ అధ్యాయంలో ఉంది. వాళ్లు మిగతావారికంటే పాపులా అని ప్రభువు అడిగి, కాదని తానే జవాబిచ్చాడు. చచ్చినవాడి మీద తప్పు మోపే నోళ్లను ఆయన మూయించాడు. ఆ వెంటనే బతికున్నవాళ్లను మారుమనస్సు పొందమన్నాడు. తాగి పనిచేశాడేమో, ప్రార్థనకు రాలేదు కదా అని మనం చావింట్లో గుసగుసలాడుకుంటాం చూడండి, ఆ మాటలకు ఇక్కడే సమాధానం ఉంది.

మరి తప్పు ఎవరిది? ధర్మశాస్త్రం దాచకుండా చెబుతుంది. ద్వితీయోపదేశకాండము 22:8 చూడండి. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి, లేకపోతే అక్కడినుంచి పడి చచ్చినవాడి రక్తదోషం ఆ ఇంటి మీదికి వస్తుంది. నిర్గమకాండము 21:33, 34 చూడండి. గొయ్యి తవ్వి మూత వేయకుండా వదిలేస్తే, అందులో ఎద్దో గాడిదో పడి చస్తే, తవ్వినవాడే సొమ్ము కట్టాలి. గాడిదకే అంత లెక్క ఉంటే దేవుని స్వరూపంలో చేయబడిన మనిషికి ఎంత ఉండాలి? పిట్టగోడ లేని మిద్దె మీదినుంచి ఒకడు పడితే దేవుడు దాన్ని తన చిత్తం అనలేదు, రక్తదోషం అన్నాడు. మనమే ఆ పేరు మార్చి దేవుని చిత్తం అంటున్నాం. అలా అన్నప్పుడల్లా గొయ్యి తవ్వినవాడికి మనం తెలియకుండానే సాయం చేస్తున్నాం.

అలాగని క్వారీలన్నీ మూసేయాలని మేము చెప్పడం లేదు. వానలు సరిగా లేని ఈ సీమలో, బోర్లు ఎండిన పల్లెల్లో, ఆ కూలి మీద ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయో మాకు తెలుసు. పిట్టగోడ కట్టమని అడుగుతున్నాం, అంతే.

యవ్వనస్థులారా, మీలో చాలామంది పదో తరగతి దాటారు, కాలేజీకి వెళ్తున్నారు, చేతిలో ఫోను ఉంది. మీరు చేయగల పనులు కొన్ని చెబుతాం.

మొదటిది, తెలుసుకోవడం. ఇది చిన్న క్వారీ, దీనికి గనుల చట్టం లేదని మేస్త్రులు చెబుతుంటారు. 2025 వరకు అమల్లో ఉన్న 1952 గనుల చట్టం ఏం చెప్పిందో వినండి. రాళ్ల గుంత ఆరు మీటర్ల లోతు దాటకపోయినా, ఏభై మంది లోపే పనిచేస్తున్నా, అక్కడ పేలుడు పదార్థాలు వాడితే మినహాయింపు లేదని అది చెప్పింది. తూటా పేలే ప్రతి క్వారీలో పనివాళ్ల పేర్లు రిజిస్టరులో ఉండాలి, తూటా పెట్టేవాడికి దానికి తగిన అర్హత ఉండాలి, ప్రమాదం జరిగితే అధికారులకు తెలియజేయాలి.

రెండవది, రాసిపెట్టడం. మీ అన్న, మీ మామ, మీ నాన్న ఏ క్వారీలో పనిచేస్తున్నారు, మేస్త్రి ఎవరు, కూలి ఎంత, ఎప్పటినుంచి వెళ్తున్నారు, ఒక నోటుబుక్కులో రాయండి. ఫోనులో పడిన కూలి డబ్బు మెసేజీలు తుడిచేయకండి. రేపు వీడు మా దగ్గర పనివాడే కాదని వాళ్లు అంటే మీ చేతిలో ఉండే సాక్ష్యం అదే.

మూడవది, చావు జరిగిన రోజున నిలబడటం. పోలీసు కేసు నమోదైందా, శవపరీక్ష జరిగిందా అని అడగండి. ఏ కాగితం మీదా చదవకుండా సంతకం పెట్టనివ్వకండి. పనిలో చనిపోయినవాడి కుటుంబానికి యజమాని పరిహారం ఇవ్వాలన్నది ఈ దేశంలో 1923 నుంచి చట్టంలో ఉన్న మాట. కాంట్రాక్టరు కింద పనిచేసినా ఆ హక్కు పోదు. దరఖాస్తుకు రెండేళ్ల గడువు ఉందని గుర్తుంచుకోండి. వకీలుకు డబ్బు లేదని ఆగిపోవద్దు. ఆడవాళ్లకు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి ఉచిత న్యాయసహాయం 1987 నాటి చట్టం ఇచ్చిన హక్కు. కోర్టు ఆవరణలోనే న్యాయసేవల కార్యాలయం ఉంటుంది. ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రమాద బీమా కూడా తీసుకోండి, మంచిదే. కానీ బీమా వచ్చింది కదా అని యజమాని బాధ్యత తీరిపోదు.

నాలుగవది సంఘ పెద్దలకు. సంఘంలో పుట్టినవాళ్ల, పెళ్లయినవాళ్ల రిజిస్టర్లు పెడతాం. పనిలో చనిపోయినవాళ్లకు కూడా ఒక పేజీ పెడదాం. పేరు, ఊరు, తేదీ, ఏ పని, ఎలా జరిగింది, ఇంటివాళ్లకు ఏం అందింది. పదేళ్లు అలా రాస్తే ఒక్కొక్కరుగా పోయినవాళ్లు కూడా లెక్కలోకి వస్తారు. ఆష్లీ ప్రభువు చేతికి అలాంటి లెక్కే అందింది.

ఆది నుంచీ మన దేవుడు లెక్క అడిగే దేవుడు. నీ తమ్ముడెక్కడని కయీనును అడిగాడు. నాకు తెలియదని కయీను అన్నప్పుడు, నేలలోంచి వచ్చే రక్తపు కేక తనకు వినబడుతోందని చెప్పాడు. కోలార్ లోతుల్లోంచి, హిరేనాగవల్లి బండల మధ్యనుంచి అదే కేక వస్తోంది. ఆ చెల్లెలి చేత వేలిముద్ర వేయించుకున్న రోజు మేము ఆ కేక వినలేదు. ఇక ముందు మా కళ్లెదుట ఏ కాగితమూ చదవకుండా చేతులు మారదని ఈ రోజు మీ అందరి ముందు మాట ఇస్తున్నాం. మీరూ ఆ మాట ఇవ్వండి.

ప్రభువు మనకు వినే చెవులు, అడిగే నోరు ఇచ్చును గాక. ఆమేన్.