పలికిన మాటకు పద్దు

విడపనకల్లు ప్రాంతమున పొలము గట్టుపై నిలిచి ఆకాశము వంక చూచు రైతు చేతిలో నేడు టెలిఫోను కలదు. ఒక సంఖ్య నొక్కినచో ఎక్కడనో కూర్చున్న వ్యవసాయ పట్టభద్రుడు తెలుగులో పలుకును. రైతు అడుగును, అతడు చెప్పును. నాలుగైదు నిమిషములలో సంభాషణ ముగియును. రైతు తన పనిలో తాను పడును. ఆ తరువాత ఆ మాటలు ఏమైనవి? అవి గాలిలో కలిసినవా, ఎక్కడనైన నిలిచినవా? నిలిచినచో ఏ రూపమున నిలిచినవి? ఇదియే నేటి నా ప్రసంగ విషయము.

ఇది కంప్యూటర్లు నడుపువారి గొడవ, మనకేల అని శ్రోతలలో కొందరు అనుకొనవచ్చును. కాని విచారించి చూడుడు. ఒక రైతు ప్రశ్నకు సమాధానము దొరకుట ఒక మేలు. వేయిమంది రైతుల ప్రశ్నలను ఒకచోట కూర్చి చూచినప్పుడు ఏ మండలములో ఏ పంటకు ఏమి కీడు మూడుచున్నదో తెలియుట మరియొక మేలు. మొదటి మేలు మాటతోనే తీరును. రెండవ మేలు పద్దు లేనిదే సిద్ధింపదు.

పద్దు వ్రాయుట మన సీమకు క్రొత్త కాదు. 1800 నుండి 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పొలము పొలమునకు కొలత వేయించి లెక్క కట్టించినాడు. ఆ పిమ్మట కరణముల చేతి అడంగలు వచ్చినది. 1984లో కరణముల వ్యవస్థ రద్దయినను అడంగలు పోలేదు. నేడది కంప్యూటరులోనికి ఎక్కినది. అందులో సర్వే నంబరునకు ఒక గడి, పంటకు ఒక గడి, నీటి వనరునకు ఒక గడి. నీటి వనరు అను గడి ఉన్నందుననే బావి క్రింద ఎంత, కాలువ క్రింద ఎంత, వాన నమ్మి వేసినది ఎంత అని లెక్క తీయగలుగుచున్నాము. ఆ గడి మొదటనే గీయనిచో ఎంత ప్రతిభావంతుడైనను తరువాత ఆ లెక్క తీయజాలడు. ఈ చిన్న సూత్రము నేటి టెలిఫోను కేంద్రములకును అక్షరాల వర్తించును. గడి లేని సంగతి నివేదికలోనికి రాదు.

భారత ప్రభుత్వ వ్యవసాయ శాఖ 2004 జనవరి 21న కిసాన్ కాల్ సెంటర్లను ప్రారంభించినది. 1800-180-1551 అను సంఖ్యకు ఖర్చు లేకుండ మాటలాడవచ్చును. ఉదయము 6 గంటల నుండి రాత్రి 10 గంటల వరకు అక్కడ పలుకువారు ఉందురు. వచ్చిన ప్రతి ప్రశ్నకు ఒక వరుస వ్రాయబడును. ఋతువు, రంగము, పంట, ప్రశ్న యొక్క జాతి, అడిగిన ప్రశ్న, చెప్పిన సమాధానము, రాష్ట్రము, జిల్లా, మండలము, వ్రాసిన తేదీ, వేళ – ఇవి అందలి గడులు. ఈ పద్దులను జిల్లా వారీగా, నెల వారీగా ప్రభుత్వము తన బహిరంగ సమాచార వెబ్‌సైటులో అందరికిని అందుబాటులో ఉంచినది. అడిగినవారి పేరుగాని, టెలిఫోను సంఖ్యగాని వానిలో కానరాదు. ఇది మెచ్చదగిన ఏర్పాటు.

ఇట్టి కేంద్రములో పద్దు రెండు విధములుగా ఏర్పడును. పిలుపు వచ్చిన వేళ, వేచియుండిన కాలము, ఎవరు అందుకొన్నారు, ఎంతసేపు మాటలాడినారు – ఇవి యంత్రము తానే వ్రాసికొనును. మండలము, పంట, ప్రశ్న, సమాధానము – ఇవి కూర్చున్న మనిషి వ్రాయవలెను. రెండింటను పొరపాట్లకు తావు కలదు.

యంత్రము వ్రాయు భాగములో మూడు చిక్కులు గమనింపవలెను. మొదటిది తెగిపోయిన పిలుపు. చీడ ముమ్మరించిన వారములో అందరును ఒక్కసారిగా టెలిఫోను చేయుదురు. వేచి వేచి విసిగి పెట్టివేసినవారు కొందరు ఉందురు. సమాధానము పొందిన పిలుపులను మాత్రమే నిలుపునట్లు సాఫ్ట్‌వేరును అమర్చినచో వీరు లేనట్లే లెక్క. అనగా కేంద్రము మిక్కిలి విఫలమైన దినము నివేదికలో మిక్కిలి ప్రశాంతముగా కనబడును! కావున అందుకొనని పిలుపునకు సైతము వరుస ఉండి తీరవలెను.

రెండవది చేతులు మారిన పిలుపు. మొదటి మనిషికి తెలియనిది పై నిపుణునికి అప్పగింపబడును. రెండు చోట్లను ఒకే సంఖ్యతో ఆ పిలుపు నమోదు కానిచో ఒక రైతు ఇద్దరు రైతులగును. నిపుణుడు చెప్పిన సమాధానము అసలు ప్రశ్నకు దూరమై ఒంటరిగా మిగులును.

మూడవది గడియారము. కంప్యూటర్లలో అనేకము ప్రపంచ ప్రమాణ కాలమున వేళను వ్రాయును. మన కాలము దానికంటె ఐదున్నర గంటలు ముందు. ఆ భేదమును సరిచేయక నివేదిక తీసినచో మన అర్ధరాత్రి నుండి ఉదయము ఐదున్నర వరకు వచ్చిన పిలుపులన్నియు ముందటి దినపు లెక్కలో పడును. ఇది స్వల్ప విషయము కాదు. ప్రధానమంత్రి ఫసల్ బీమా నియమముల ప్రకారము, వడగండ్లు, ముంపు వంటి స్థానిక విపత్తులచే బీమా చేసిన పంట చెడినచో 72 గంటలలోగా తెలియజేయవలెను. అందులకు 14447 అను సంఖ్య కలదు. తెలియజేసిన వేళ ఏదను ప్రశ్న వచ్చినప్పుడు రైతు నోటిమాట చాలదు. పద్దులో నిలిచిన వేళయే సాక్షి.

ఇక మనిషి వ్రాయు భాగము. ఇచ్చట మన సీమ నుండియే ఒక దృష్టాంతము చెప్పెదను. 2000 సంవత్సరపు ఖరీఫులో అనంతపురం జిల్లా వేరుశనగకు ఒక ఘోరమైన తెగులు సోకినది. సుమారు 2,25,000 హెక్టార్ల పైరు దెబ్బతిన్నది. నష్టము 300 కోట్ల రూపాయలకు మించినదని అంచనా వేసినారు. మొవ్వు ఎండుట, చెట్టు చచ్చుట చూచి అది ఎప్పటినుండియో ఎరిగిన మొవ్వుకుళ్ళు తెగులేనని మొదట తలచినారు. పరీక్షించి చూడగా కారణము వేరు. అది టొబాకో స్ట్రీక్ అను వైరస్. వయ్యారిభామ కలుపు మొక్కల పుప్పొడి ద్వారా, తామర పురుగుల సాయమున, అది వేరుశనగకు ప్రాకుచున్నదని శాస్త్రజ్ఞులు తేల్చినారు. దానికి కాండముకుళ్ళు తెగులని పేరు వచ్చినది.

నాటికి కిసాన్ కాల్ సెంటరు లేదు. ఉన్నదనియే అనుకొందము. విడపనకల్లు నుండి ఒక రైతు టెలిఫోను చేసి, “సార్, శెనక్కాయ సెట్టు మొన ఎండిపోతా వుంది. కాడ గూడా నల్లగయితా వుంది. యాడ సూసినా ఇట్లే వుంది” అనెననుకొందము. అందుకొన్న యువకుని ఎదుట కంప్యూటరులో తెగుళ్ళ పట్టిక ఉండును. అందులో మొవ్వుకుళ్ళు కలదు. దానిని నొక్కి పద్దు ముగించును. అతని తప్పేమియు లేదు. కాని “కాడ నల్లబడుట” అను మాట అక్కడితో నశించినది. నెలాఖరున నివేదిక తీసినవానికి మొవ్వుకుళ్ళు పెరిగినదని మాత్రమే తెలియును. ఏదో క్రొత్తది వచ్చినదని తెలియదు. పట్టిక ఎన్నడును తనకు తెలియని రోగమును చెప్పజాలదు. దానిని చెప్పగలిగినది రైతు మాట ఒక్కటే.

ఇది గతించిన కథ మాత్రమే కాదు. 2021–22 పంటకాలమున ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో మిరప పూతను నల్ల తామర పురుగు పాడుచేసినది. తామర పురుగు మిరపకు పాత శత్రువే. పూవులలో గుంపులుగా చేరు ఈ జాతి మాత్రము క్రొత్తది. పట్టికలో “తామర పురుగు” అని ఒకే గడి ఉన్నచోట పాతది, క్రొత్తది ఒక్కటిగా కలిసిపోవును. “ఆకు కాదు సార్, పూవులో నల్లగా వున్నాయి” అను మాట నిలిచినచోట భేదము కంటికి కనబడును.

కావున ఇట్టి కేంద్రమును అమర్చువారు పట్టికలోని పేరును, రైతు పలికిన మాటను రెండింటిని నిలుపవలెను. పట్టిక లెక్కకు పనికివచ్చును. మాట పరిశోధనకు పనికివచ్చును. ఒకదాని కొరకు రెండవదానిని విడువరాదు. “ఇతరములు” అను గడిని నెలకొకసారి తెరచి చదువవలెను. క్రొత్త కష్టము మొదట వచ్చి తల దాచుకొనునది ఆ గడిలోనే.

పేర్ల విషయమున మరియొక మెలకువ కావలెను. వేరుశనగను మన జిల్లాలో శెనక్కాయలందురు, బుడ్డలందురు. విడపనకల్లు, ఉరవకొండ ప్రాంతముల నల్లరేగడిలో రబీ కాలమున పప్పుశనగ వేయుదురు. రెండును విడివిడి పంటలు, విడివిడి నేలలు, విడివిడి ఋతువులు. పరాయి ప్రాంతపు యువకుడు “శనగ” అని విని తోచిన గడిలో వ్రాసినచో రెండు పంటల బాధలు ఒకటిగా కలిసి ఏదియు తేలని నివేదిక వచ్చును. స్థానికముగా వాడు పేర్లన్నింటిని పట్టికలో ముందే చేర్చి, ఏ పేరు చెప్పినను సరియైన పంట గడికే చేరునట్లు అమర్చుట కష్టమైన పని కాదు.

మండలము గడియు అట్టిదే. అనంతపురం జిల్లాకు ఏడాది సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. అదియును ఒక ఊరిలో కురిసి, ప్రక్క ఊరిని వదలివేయును. ఎర్రనేలలో విత్తనము పడిన దినములలో రేగడి నేల ఖాళీగా ఉండవచ్చును. జిల్లా పేరు మాత్రము వ్రాసి మండలమును విడిచినచో ఎండిన ఊరును తడిసిన ఊరును కలిపి సగటు తీసినట్లగును. ఆ సగటు ఎవరి పొలమును కాదు. అందుచేత మండలము వ్రాయనిదే పద్దు ముగియకుండునట్లు సాఫ్ట్‌వేరును బిగింపవలెను. కాని బిగించు గడులు నాలుగైదుకు మించరాదు. ఇరువది గడులు తప్పనిసరి చేసినచో, వెనుక వేచియున్న పిలుపుల ఒత్తిడికి ఆ యువకుడు తోచినది నొక్కి ముందుకు పోవును. ఖాళీ గడికంటె అబద్ధపు గడి ఎక్కువ హాని చేయును.

పద్దులను ఎంతకాలము దాచవలెను? కొన్ని ఏర్పాట్లలో విడివిడి పద్దులు కొన్ని నెలలకే తుడిచివేయబడి మొత్తములు మాత్రము మిగులును. మొత్తముల నుండి పద్దులను తిరిగి రాబట్టలేము. కరవు సీమలో ఒక ఖరీఫును మరియొక ఖరీఫుతో పోల్చనిదే ఏమియు తెలియదు. కనుక ప్రశ్న, సమాధానము, పంట, మండలము, వేళ – వీనిని అనేక సంవత్సరములు నిలుపవలెను. పేరు, టెలిఫోను సంఖ్య, గొంతు రికార్డు – వీనిని వేరుగా ఉంచి, అవసరము తీరిన పిదప తొలగింపవలెను. వ్యక్తుల సమాచారమును కాపాడుటకై 2023లో పార్లమెంటు చట్టమును చేసినది. రైతు తన అప్పు సంగతి, తన పైరు సంగతి నమ్మి చెప్పును. ఆ నమ్మకము చెదరినచో మరల టెలిఫోను చేయడు.

అంతయు అమర్చిన పిదప ఒక పరీక్ష చేయవలెను. పది పిలుపులు తామే చేసి చూడవలెను. ఒకటి నడుమ పెట్టివేయవలెను. ఒకటి నిపుణునికి మార్పింపవలెను. ఒకటి తెల్లవారుజామున చేయవలెను. ఒకదానిలో బుడ్డలని, ఒకదానిలో శెనక్కాయలని పలుకవలెను. మరునాడు నివేదికలో పదియే కనబడవలెను, ప్రతిదియు తన గడిలో ఉండవలెను. తొమ్మిదైనను పదునొకండైనను ఏర్పాటు ఇంకను పక్వము కాలేదని తెలియవలెను.

నివేదిక చదువువారికి ఒక హెచ్చరిక. పిలుపుల సంఖ్య బాధల సంఖ్య కాదు. టెలిఫోను చేయనివారి పొలము పచ్చగా ఉన్నదని అర్థము కాదు. ఒక మండలము నుండి పిలుపులు రాకున్నచో, అచ్చట సుఖమా, నిరాశయా అని వెళ్ళి చూచి రావలెను.

చివరకు మన వంతు. టెలిఫోను చేసినప్పుడు మండలము పేరు, ఊరి పేరు అడుగకున్నను చెప్పుడు. పంట పేరు మీరు పిలుచు తీరుననే చెప్పి, ఎర్రనేలయో రేగడియో తెలుపుడు. తెగులు పేరు ఊహించి చెప్పుటకంటె కంటికి కనబడినది ఉన్నది ఉన్నట్లు చెప్పుట మేలు. బీమా సంగతియైనచో నమోదు సంఖ్యను అడిగి తీసికొని వ్రాసి ఉంచుకొనుడు. అవతలివాడు “ఏ మండలము?” అని మరల మరల అడిగినప్పుడు విసుగుకొనకుడు. అతడు అడుగుచున్నది మీ ఒక్కరి కొరకు కాదు.

మన పెద్దలు ఇచ్చిపుచ్చుకొనుటలో నోటిమాటను నమ్మినను పద్దు వ్రాయుట మరువలేదు. అది అపనమ్మకము వలన కాదు, మరపునకు వెరచి. మీ ప్రశ్నకు నేడు సమాధానము దొరకకపోవచ్చును. అది సరిగా నిలిచినచో, రేపు అదే తెగులు ప్రక్క ఊరి పొలములో తలయెత్తినప్పుడు, మీ మాట మీకన్న ముందే అచ్చటికి చేరియుండును.