సీలింగ్ మిషన్‌ని మనమే చూసుకుందాం
(వార్షిక సర్వసభ్య సమావేశంలో ఆహార తయారీ సంఘం సభ్యురాలు చేసిన ప్రసంగం)



ఇప్పటిదాకా లోన్లు, కిస్తీల లెక్కలు విన్నాం. నేను మాట్లాడేది బల్ల మీద ఓ మూలన ఉండే సీలింగ్ మిషన్ గురించి. ఇదీ ఒక విషయమేనా అనుకోకండి. కందిపొడి, కారప్పొడి, అప్పడాలు, వడియాలు, చెక్కలు, ఏది చేసినా చివరికి దాని కిందకి వెళ్లాల్సిందే. మన డెల్టాలో గాలిలోనే తేమ ఉంటుంది. వానాకాలంలో సీలు వదిలిందంటే పొడి ఉండ కడుతుంది, చెక్కలు మెత్తబడతాయి. 60 రూపాయల ప్యాకెట్లు 100 వేస్తే 20 వెనక్కి వచ్చాయనుకోండి, 1,200 రూపాయలు పోయినట్టే. కిస్తీ మాత్రం ఆగదు. షాపాయన రెండోసారి ఆర్డరివ్వడానికి ఆలోచిస్తాడు.

చేత్తో నొక్కే మిషన్‌లో మనం తెలుసుకోవాల్సినవి నాలుగే. వేడెక్కే సన్నటి నైక్రోమ్ పట్టీ, దాని మీద టెఫ్లాన్ గుడ్డ, పై చేతికి సిలికాన్ రబ్బరు, ఎంతసేపు వేడెక్కాలో చెప్పే టైమర్. నొక్కగానే లైటు వెలుగుతుంది, ఆరుతుంది. ఆరగానే చాలామంది చెయ్యి తీసేస్తారు. సీలు బలం పోయేది అక్కడే. కరిగిన ప్లాస్టిక్ చల్లారితేనే పట్టు వస్తుంది. లైటు ఆరాక ఒకటి, రెండు అని లెక్కపెట్టి అప్పుడు ఎత్తండి.

కవరు మారితే టైమర్ కూడా మారాలి. మెత్తటి పాలిథిన్ కవరు సుమారు 110 డిగ్రీలకే కరుగుతుంది. గరగరలాడే పీపీ కవరుకి సుమారు 160 డిగ్రీలు కావాలి. కొత్త కవర్లు తెచ్చినప్పుడు తక్కువ నంబరుతో మొదలుపెట్టి, కొంచెం కొంచెం పెంచుతూ నాలుగు ఖాళీ కవర్లు సీలు చేసి చూడండి. రెండు వైపులా పట్టుకుని లాగితే సీలు విడిపోయిందంటే వేడి చాల్లేదు. సీలు దగ్గర కాలి తెగిందంటే వేడి ఎక్కువైంది. ఆ తర్వాత గాలితో సీలు చేసిన ఒక ప్యాకెట్‌ని బకెట్ నీళ్లలో ముంచి మెల్లగా నొక్కండి. బుడగలొస్తే ఎక్కడ కారుతోందో కళ్లకు కనిపిస్తుంది.

ఇంకో మాట. ఆవకాయ నూనె గానీ, పొడి గానీ కవరు మూతికి అంటితే ఎంత మంచి మిషనైనా అతికించలేదు. గరాటుతో నింపండి, పొడిగుడ్డతో మూతి లోపల తుడవండి, ముడతలు లేకుండా పెట్టండి.

ఇక రోజువారీ పని. ముందు ప్లగ్గు తీయాలి, మిషన్ చల్లారాలి, తర్వాత పొడి నూలుగుడ్డతో తుడవాలి. అంటుకున్న ప్లాస్టిక్‌ని చాకుతో, బ్లేడుతో గీకొద్దు. టెఫ్లాన్ చిరిగితే పట్టీ త్వరగా పాడవుతుంది. టెఫ్లాన్ నల్లబడినా, చిరిగినా మార్చేయండి. రబ్బరుకి గాడి పడితే సీలు మధ్యలో సన్నగా వదులుతుంది, అదీ మార్చాలి. పట్టీ తెగితే పాతది చేత్తో పట్టుకెళ్లి, అదే పొడవు, అదే వెడల్పు ఉన్నది తీసుకోండి. స్క్రూడ్రైవర్ పట్టగలిగితే ఈ మూడూ మన చేతి పనులే.

బెల్టు మిషన్లున్న సెంటర్లకి ఒక జాగ్రత్త. పని అయిపోగానే మొత్తం ఆపేయకండి. ముందు హీటరు ఆపి, ఫ్యాను, బెల్టు తిరగనివ్వండి. మీటరు 100 డిగ్రీల కంటే బాగా కిందకి దిగాక మోటారు ఆపాలి. కాలే దిమ్మల మధ్య బెల్టు నిలిచిపోతే అది మాడిపోతుంది. నూనె చుక్క వేయాల్సింది గొలుసుకి, బేరింగులకి. బెల్టుకి తగలకూడదు.

కరెంటు విషయంలో మాత్రం తెగింపు వద్దు. ఎర్తు ఉన్న మూడు పిన్నుల ప్లగ్గే వాడండి. తడి చేతులతో, తడి నేల మీద నిలబడి మిషన్ ముట్టుకోవద్దు. లోపలి వైరింగు, ట్రాన్స్‌ఫార్మర్ జోలికి మనం పోవద్దు, అది మెకానిక్ పని. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లల్లోకి నీళ్లొచ్చిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. అలా మునిగిన మిషన్ పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి, బురద ఉంటాయి. ఎలక్ట్రీషియన్ విప్పి, ఆరబెట్టి, పరీక్ష చేసేదాకా ప్లగ్గు పెట్టొద్దు. వానాకాలం మొదలవగానే మిషన్‌ని నేల మీద నుంచి ఎత్తైన చోటికి మార్చండి.

పీఎంఎఫ్‌ఎంఈ అని 2020లో వచ్చిన పథకంలో ఆహార తయారీ చేసే సంఘ సభ్యురాలికి 40,000 రూపాయల వరకు సీడ్ క్యాపిటల్ పెట్టారు. అది పెట్టుబడికి, చిన్న పనిముట్లకి. ఏ డబ్బుతో మిషన్ కొన్నా, విడిభాగాలకి కూడా అందులోనే కొంత పక్కన పెట్టాలి. సంక్రాంతి ఆర్డర్ల మధ్యలో పట్టీ తెగితే, ఆ చిన్న ముక్క కోసం రెండు రోజులు పదిమంది ఖాళీగా కూర్చోవాల్సి వస్తుంది.

అందుకే సభ ముందు మూడు కోరికలు పెడుతున్నాను. ఒకటి, ప్రతి మిషన్‌కీ ఒక పుస్తకం ఉండాలి. ఏ తేదీన ఏది మార్చామో రాయాలి, నెలకొకరు దాని బాధ్యత తీసుకోవాలి. రెండు, ప్రతి మండల సమాఖ్యలో ఒక డబ్బా పెట్టాలి. అందులో పట్టీలు, టెఫ్లాన్ గుడ్డ, రబ్బరు, ఫ్యూజులు ఉండాలి. వాడుకున్న సంఘం డబ్బు కట్టేస్తే డబ్బా మళ్లీ నిండుతుంది. మూడు, ప్రతి గ్రామ సమాఖ్య నుంచి ఇద్దరికి ఒక పూట శిక్షణ ఇప్పించాలి. వచ్చే ఏడాది ప్రణాళికలో ఈ మూడూ రాయించమని సమాఖ్యని అడుగుతున్నాను.

పొదుపు పుస్తకం రాయడం మనకి పుట్టుకతో రాలేదు, నేర్చుకున్నాం. ఇదీ నేర్చుకుందాం.