సహకార ఇంటికి తలుపు తీసేదెవరు?

(స్త్రీల ఇంటి హక్కుపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి ఇళ్ళ పట్టాల గురించి, ఒంటరి స్త్రీకి ఇల్లు అద్దెకివ్వని యజమానుల గురించి మాట్లాడుకుంటున్నాం. "మనమే సహకార సంఘం పెట్టుకుని ఇళ్ళు కట్టుకుంటే ఈ బాధ ఉండదు కదా" అని ఇందాక ఒక చెల్లెలు అంది. ఆ మాట పట్టుకుని మిమ్మల్ని చాలా దూరం తీసుకెళ్తాను, న్యూయార్క్‌కి. కోపగించుకోకండి, మళ్ళీ ఇక్కడికే వస్తాం.

న్యూయార్క్‌లో మాన్‌హట్టన్‌కి తూర్పు అంచున ఈస్ట్ రివర్ ఉంది. 52వ వీధి ఆ నది దగ్గరికొచ్చి ఆగిపోతుంది. అక్కడ 1931లో రివర్ హౌస్ అని 26 అంతస్తుల భవనం కట్టారు. ధనవంతులు సొంత పడవల్లో వచ్చి దిగడానికి కింద రేవు కూడా పెట్టారు. ఆ పక్కనే కూలి జనం ఉండే ఇరుకు ఇళ్ళు. వాళ్ళ పిల్లలు అదే నీళ్ళలో ఈదేవాళ్ళు. ఈ దృశ్యం మీదే సిడ్నీ కింగ్స్‌లీ 1935లో 'డెడ్ ఎండ్' అనే నాటకం రాశాడు. తర్వాత ఒడ్డు వెంట పెద్ద రోడ్డు వేస్తే రేవు పోయింది. పేదల ఇళ్ళూ పోయాయి. భవనం మాత్రం నిలిచింది.

ఈ కథంతా ఎందుకంటే, ఆ భవనం కూడా సహకార సంఘమే. వాళ్ళు కో-ఆప్ అంటారు. అందులో ఎవరూ ఫ్లాటు కొనరు. భవనం మొత్తం ఒక కంపెనీ పేరున ఉంటుంది. ఆ కంపెనీలో వాటాలు కొంటే, ఫలానా ఫ్లాటులో ఉండడానికి లీజు రాసిస్తారు. వాటాదారులు ఎన్నుకున్న బోర్డు ఒకటి ఉంటుంది. కొత్తవాళ్ళు రావాలంటే జీతం, ఆస్తి, అప్పులు, తెలిసినవాళ్ళ సిఫార్సు ఉత్తరాలు అన్నీ బోర్డు ముందు పెట్టి, ఇంటర్వ్యూకి కూర్చోవాలి. మన పెళ్ళిచూపుల్లాంటిదే అనుకోండి. నచ్చకపోతే వద్దంటారు. ఎందుకు వద్దన్నారో చెప్పనక్కర్లేదన్నది అక్కడ దశాబ్దాల తరబడి నడిచిన పద్ధతి.

1980లో గ్లోరియా వాండర్‌బిల్ట్ అనే ఆవిడ రివర్ హౌస్‌లో ఫ్లాటు కొనబోయింది. పెద్ద వంశం, డబ్బుకి లోటు లేదు. ఆవిడ పేరు వేసిన జీన్సు ప్యాంట్లు దేశమంతా అమ్ముడుపోతున్న రోజులు. బోర్డు వద్దంది. నల్లజాతి గాయకుడు బాబీ షార్ట్ తన స్నేహితుడు కాబట్టి, అతన్ని ఎక్కడ పెళ్ళి చేసుకుంటానోనని భయపడ్డారని ఆవిడ కోర్టుకెక్కింది. అదేం కాదు, ఆవిడ వెంట వచ్చే పత్రికల హడావిడి మాకొద్దు అంది బోర్డు. మొత్తానికి ఆవిడ ఆ ఇంట్లో చేరలేదు. కోటీశ్వరురాలికి ఇల్లు దొరకలేదని మనం కన్నీళ్ళు పెట్టుకోనక్కర్లేదు. కానీ "ఎవరొస్తారు నీ ఇంటికి? ఎవరతను?" అనే ప్రశ్న మనలో ఎంతమంది విన్నాం? చేతులెత్తమంటే సగం చేతులు లేస్తాయి.

ఆ ఇంటికి కూతవేటు దూరంలో మరో కో-ఆప్ ఉంది. అక్కడ వేరువేరు జాతుల దంపతులు ఒక ఫ్లాటు అద్దెకు తీసుకోబోతే బోర్డు ఒప్పుకోలేదు. వాళ్ళు పోరాడారు. ఇది జాతి వివక్షేనని 1997లో ఫెడరల్ జ్యూరీ తేల్చి, 6 లక్షల డాలర్లకు పైగా నష్టపరిహారం ఇమ్మంది. ఇళ్ళ విషయంలో వివక్షను నిషేధించే చట్టం అక్కడ 1968లోనే వచ్చింది. జాతి, మతం అందులో ఉన్నాయి. స్త్రీ అన్న కారణంతో కాదనకూడదని చేర్చడానికి మాత్రం 1974 దాకా పట్టింది.

ఇప్పుడు నది వెంటే ఇంకొంచెం నడుద్దాం. రివర్ హౌస్‌కి ఉత్తరాన సటన్ ప్లేస్ అనే వీధి. 1920ల మొదట్లో కొందరు సంపన్న స్త్రీలు అక్కడ ఇళ్ళు బాగుచేయించుకుని చేరాకే దానికి గొప్ప పేటగా పేరొచ్చింది. వాళ్ళలో ఒకరు బ్యాంకర్ జె.పి. మోర్గాన్ కూతురు ఆన్ మోర్గాన్. 1909లో న్యూయార్క్ బట్టల కార్ఖానాల్లో 20 వేల మంది, ఎక్కువగా వలస వచ్చిన ఆడపిల్లలు, సమ్మె చేసినప్పుడు ఈవిడ వాళ్ళ వైపు నిలబడింది. సమ్మెలో సోషలిస్టుల మాట ఎక్కువైందని 1910 జనవరిలో బహిరంగంగానే విమర్శించింది కూడా. మనకీ ఇలాంటి మద్దతుదారులు తెలుసు కదా! సటన్ ప్లేస్‌లో ఆవిడ కట్టించుకున్న ఇంట్లోనే ఇప్పుడు ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ఉంటారు.

ఆ సమ్మె చేసిన పిల్లల యూనియనూ అదే నది ఒడ్డున ఇళ్ళు కట్టింది. నగరానికి దక్షిణాన, కార్మికుల పేటలో, 1956 నాటికి ఈస్ట్ రివర్ హౌసెస్ అనే కో-ఆప్ లేచింది. 1,600కు పైగా ఇళ్ళు. అదీ వాటాల పద్ధతే, కానీ ఒక తేడా ఉంది. వెళ్ళిపోయేవాళ్ళు ఇంటిని సంతధరకి అమ్ముకోకూడదు, పెట్టిన డబ్బు వెనక్కి తీసుకుని వెళ్ళాలి. అలాగైతేనే తర్వాత వచ్చే కుట్టుపని మనిషికి కూడా ఇల్లు అందుతుంది.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. కానీ 1970లలో ఇదే కో-ఆప్ మీద నల్లజాతివాళ్ళకీ, లాటినోలకీ ఇళ్ళివ్వడం లేదని కేసు పడింది. తర్వాతి దశాబ్దంలో రాజీ జరిగింది. 1990ల చివరికి సభ్యులే ఓట్లు వేసి సంతధరకి అమ్ముకునే వీలు తెచ్చుకున్నారు. నలభై ఏళ్ళు మిషను తొక్కిన ముసలామె తన ఇల్లు మంచి ధరకి అమ్ముకుంటే తప్పనడానికి నాకు నోరు రాదు. ఆమె తర్వాత రావలసిన కుట్టుపని మనిషికి ఆ గడప అందదన్నదీ నిజమే.

మన దగ్గర సంగతి చూడండి. అహ్మదాబాదులో ఒక పార్సీ గృహ సహకార సంఘం పార్సీలకే సభ్యత్వం అని బైలా పెట్టుకుంటే, అది చెల్లుతుందని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. సంఘం బైలాలో ఏం రాసుకుంటే అదే అన్నమాట.

అంత దూరమెందుకు, నా సంగతే చెప్తాను. మా అపార్టుమెంటు సంఘం పనివాళ్ళు లిఫ్టు ఎక్కకూడదని తీర్మానం చేసింది. నేను ఆ మీటింగులో ఉన్నాను. మిగతా విషయాల మీద పోట్లాడి అలిసిపోయి, చివర్లో అందరితో పాటు సంతకం పెట్టేశాను. మర్నాడు మా ఇంట్లో పనిచేసే ఆమె నాలుగంతస్తులు మెట్లెక్కి వచ్చి, "అమ్మా, నిన్న మీటింగులో నువ్వు కూడా ఉన్నావా?" అని అడిగింది. ఆ బోర్డు తీయించడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. అమెరికాలో కార్మిక సంఘాల హక్కు ఇచ్చిన 1935 చట్టం ఇంటిపని చేసేవాళ్ళని వదిలేసింది. న్యూయార్క్ రాష్ట్రం వాళ్ళకోసం విడిగా చట్టం చేసింది 2010లో, అదీ వాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడాక.

ఇక చెల్లెలి మాటకొస్తాను. సంఘం పెడదాం. 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద బైలాస్ రాసుకోవడం మన చేతుల్లోనే ఉంది. ఎవరినైనా వద్దంటే కారణం కాగితం మీద రాసివ్వాలని మొదటి పేజీలోనే పెడదాం. వాటా స్త్రీ పేరున ఉండాలి. భర్త సంతకం అడగకూడదు. మన ఇళ్ళలో పనిచేసే వాళ్ళు కూడా ఆ సంఘంలో సభ్యులు కాగలగాలి, లేకపోతే ఇంత దూరం వెళ్ళొచ్చి ఏం లాభం? ఇల్లు ఏ ధరకి అమ్ముకోవచ్చన్న దాని మీద మాత్రం నాకింకా తేలలేదు. ఈ గదిలో ఇళ్ళున్నవాళ్ళూ ఉన్నారు, లేనివాళ్ళూ ఉన్నారు. భోజనాలయ్యాక ముందు ఇల్లు లేనివాళ్ళు మాట్లాడండి.