తాతల చిత్రికకు ఏ బ్లేడు?

వినగడపలోనో తిరువూరులోనో మీ ఇంటి అటకమీద తాతలనాటి కొయ్య చిత్రిక ఉందా? బ్లేడు తుప్పు పట్టిందని పారేయకండి. పాత బ్లేడ్లు చాలావాటిలో మెత్తని ఇనుముకు పలచని గట్టి ఉక్కు అతికి ఉంటుంది. అందుకే సానరాయి మీద సులువుగా పదునెక్కుతుంది. పైగా అంచు దగ్గర మందం, పైకి పోనుపోను పలచన. ఆ వాలుకు తగ్గట్టే చెక్క చీల బిగుస్తుంది. అంతటా ఒకే మందమున్న కొత్త బ్లేడు వేస్తే చీల సరిగా పట్టదు, పని మధ్యలో బ్లేడు జారుతుంది. నాకైతే పాతదే ముద్దు.

గ్రైండర్ దగ్గర మాత్రం జాగ్రత్త. సుమారు 300 డిగ్రీల వేడికి ఉక్కు నీలం తిరిగి మెత్తబడుతుంది. నీళ్లలో ముంచుతూ పట్టండి. తుప్పు గుంటలు అంచులోకి లోతుగా దిగినా, ఉక్కు అంతా అరిగిపోయినా మార్చక తప్పదు. అప్పుడు కూడా పాత బ్లేడును కొలతకు వెంట తీసుకెళ్లండి.